రిపోర్టు మంచిగ రావాలె

జిరాక్సు మిషన్‌లోంచి కాగితాలు ఇంకా వేడిగా రాలుతుండగానే విజయేందర్ ఒకటి లాగి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి, మడత విప్పి తల్లి ముందు పరిచాడు. అమీర్‌పేట మెయిన్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన వైద్య పరీక్షల సెంటరు వాళ్ల ప్రకటన అది. అమ్మల దినం వస్తోంది గనక అమ్మలకు తల నుంచి కాలు దాకా అన్ని టెస్టులూ సగం ధరకే చేస్తారట. 'అమ్మకు ఆరోగ్యం కానుకగా ఇవ్వండి' అని పైన పెద్ద అక్షరాలు. వాటి కింద తెల్లజుట్టు ఆవిడ ఒకతె నోటినిండా పళ్లతో నవ్వుతోంది.

భూలక్ష్మి ఆ బొమ్మను కాసేపు చూసి, గామెకు ఏ రోగం ఉందని టెస్టులు చేస్తున్నరు అని నవ్వి, కొడుకు కంచంలో చారు పోసింది.

విజయేందర్ నవ్వలేదు. కోచింగ్ సెంటర్ల మధ్య సందులో అతనిది జిరాక్సు దుకాణం. ఆ వారమంతా ఆ ప్రకటనే వేలకు వేలు ముద్రేశాడు. ఒకే మాట అన్నిసార్లు కళ్లముందు నుంచి పోతే అది వేదమై కూర్చుంటుంది. మధురానగర్ మూలమీద అచ్యుతరావు డాక్టరు ఇన్నేళ్లుగా భూలక్ష్మి షుగర్‌కు గోలీలు రాస్తున్నాడు. నాడి పట్టి, కళ్లు చూసి, బాగానే ఉన్నావు పో అంటాడు. చెయ్యి పట్టుకుంటే లోపలి సంగతి ఏం తెలుస్తుందని ఇప్పుడు విజయేందర్ వాదన. గుండెకాయను చూడాలి, మూత్రపిండాలను చూడాలి, మిషన్ పెట్టి చూడాలి. కోడలు సుష్మిత కూడా తల ఊపింది. కాలం అట్లా ఉంది. వెనకటివాళ్లు జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి పోయేవాళ్లు. ఇప్పటివాళ్లు జబ్బు ఎక్కడ దాక్కుందో వెతికిపెట్టమని పోతున్నారు.

"నాకేం అయితలేదు గద బిడ్డా," అంది భూలక్ష్మి.

"నాయినకు సుత ఏం కాలే అనే అనుకున్నం," అన్నాడు విజయేందర్. "గ్యాస్ అన్నడు, గ్యాస్ గోలీ ఏసి పండవెట్టినం, తెల్లారి లేవలే. మళ్ల గా తప్పు చెయ్య."

విజయేందర్ అన్నం సగంలోనే వదిలేసి లేచాడు. గూట్లోంచి ఈనో పొట్లం చింపి గ్లాసులో పోసుకుని, నురగ అణగకముందే తాగేశాడు. ఎండలకు అరగట్లేదన్నాడు.

భూలక్ష్మికి పట్టుకున్న దిగులు తన ఒంటి గురించి కాదు. దుకాణంలో పాత మిషన్ కాగితం నమలడం మొదలుపెట్టి ఏడాది దాటింది. పిల్లలు మెటీరియల్ కోసం వచ్చి, మిషన్ మూత తెరిచి ఉండటం చూసి పక్క దుకాణానికి పోతున్నారు. కొత్త మిషన్ కోసం కొడుకూ కోడలూ పండగలకు బట్టలు కూడా మానుకుని కూడబెడుతున్నారు. ఈ దసరాకు తెచ్చి పూజ చేసుకోవాలని వాళ్ల ఆశ. సెంటరు వాళ్ల రిపోర్టులో ఏదైనా తేడా వచ్చిందంటే ఆ పైసలు ఎటు నడుస్తాయో ఆమెకు తెలుసు. కొడుకు మంచివాడు, అదే ఆమెకు భయం.

అందుకని రిపోర్టు మంచిగా వచ్చేట్టు తనే చూసుకుందామనుకుంది. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ముందురోజే ఇల్లు కడిగి ముగ్గేసి పెట్టమా? ఇదీ అంతే అనుకుంది. ఎర్రగడ్డ రైతుబజారు నుంచి కాకరకాయలు తెప్పించి రసం తీసి, ముక్కు మూసుకుని తాగింది. పరగడుపున మెంతుల నీళ్లు తాగింది. అన్నం మానేసి, అడిగితే ఒక్కపొద్దు అంది. ఇవన్నీ చాలవేమోనన్న అనుమానంతో షుగర్ గోలీ ఒకటికి రెండు చొప్పున వేసుకుంది, పొద్దున రెండు, సాయంత్రం రెండు. మందు మంచిదే గదా, మంచిది ఎక్కువైతే మరింత మంచిది. టెస్టు రోజు తెల్లవారి ఏమీ తినకుండా రమ్మన్నారు గనక ఏమీ తినలేదు. గోలీలు మాత్రం వేసుకుంది. గోలీ తిండి కింద లెక్క కాదని ఆమె నమ్మకం.

*

సెంటరు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు దగ్గర జనం నిండి ఉంటే మెట్లెక్కారు. భూలక్ష్మి ముందు నడిచింది. మెట్లు మలుపు తిరిగే చోట విజయేందర్ ఆగి ఫోను చూసుకున్నాడు. పైనుంచి చూస్తే ఆ ఫోనులో వెలుతురు లేదు. ఆమెకు అప్పుడది వింతగా తోచింది గాని, పైన అన్నీ వింతలే ఉండటంతో మరిచిపోయింది.

లోపల చల్లగా ఉంది. కొడుకులూ కూతుళ్లూ తల్లులను కొత్తచీరల్లో తెచ్చి, గోడమీది గులాబీరంగు గుండె బొమ్మ పక్కన నిలబెట్టి ఫొటోలు తీసుకుంటున్నారు. భూలక్ష్మికి కూడా చేతిలో ఒక గులాబీ పువ్వు పెట్టారు. పువ్వు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. ఏసీ చలికి అనుకుంది. నెత్తురు తీసే అమ్మాయి రబ్బరు పట్టీ కట్టి పిడికిలి బిగించమంటే వేళ్లు మాట వినలేదు. చలిలో ముఖం నిండా చెమట పట్టింది. గోడమీది గుండె బొమ్మ రెండయింది, తర్వాత నాలుగయింది. ఆపైన ఏమయిందో ఆమెకు తెలీదు.

తెలివి వచ్చేసరికి స్ట్రెచర్ మీద ఉంది. ఆ సెంటరుకూ పంజాగుట్టలోని ఒక పెద్ద ప్రైవేటు దవాఖానకూ ఏదో చుట్టరికం ఉంది కాబోలు, అంబులెన్సు కిందనే సిద్ధంగా ఉంది. తలుపులు మూస్తుండగా, విజయేందర్ మెట్ల కడ్డీ పట్టుకుని, నోరు తెరిచి గాలి పీల్చుకుంటూ కనిపించాడు. పిచ్చివాడు, తనకోసం ఎంత భయపడ్డాడో అని ఆమె మురిసిపోయింది.

*

గ్లూకోజు ఎక్కగానే భూలక్ష్మి లేచి కూర్చుని చాయ్ అడిగింది. కథ అక్కడితో ముగిసేదే. కాని అప్పటికే ఆమె ఛాతీకి తీగలు అంటించి ఈసీజీ తీశారు. అప్పటికే తమ్ముడు రాజనర్సయ్య ఖైరతాబాద్ నుంచి బండిమీద వచ్చేశాడు. పదిమందికి ఫోన్లు కూడా చేశాడు. ఏ దవాఖాన, ఏ డాక్టరు, ఏం స్కాను తీశారు అని అవతలివాళ్లు అడుగుతుంటే, గర్వంగా దవాఖాన పేరు చెబుతున్నాడు. ఆ పేరు వినగానే అవతలివాళ్లు శాంతిస్తున్నారు.

డాక్టరు వంశీధర్ నెమ్మదైన మనిషి. మంచం అంచున నిలబడి అడగాల్సిన మాటే అడిగాడు. షుగర్ బాగా పడిపోయింది, టాబ్లెట్లు ఏమైనా ఎక్కువ వేసుకున్నారా అమ్మా, అన్నాడు.

కొడుకు చూస్తున్నాడు. కోడలు చూస్తోంది. తమ్ముడు ఫోను చెవికి దూరంగా పట్టుకుని చూస్తున్నాడు. రిపోర్టును మోసం చేద్దామనుకున్నానని ఇంతమంది ముందు ఎట్లా చెప్పడం? దొంగతనం దొరికిపోయిన చిన్నపిల్లలా ఆమె తల వంచుకుంది.

"లేదు సారు. రోజేసుకునేదే ఏసుకున్న."

ఆ ఒక్క మాటతో దారి మారిపోయింది. గోలీల వల్ల కాదంటే ఇంకెందువల్ల అని వెతకాలి. ఈసీజీలో కొద్దిగా తేడా ఉందన్నాడు డాక్టరు. షుగర్ ఉన్నవాళ్లకు గుండెలో నొప్పి వచ్చినా తెలీదు, యాంజియోగ్రామ్ చేసి రక్తనాళాలు చూస్తే అనుమానం తీరిపోతుంది అన్నాడు. చేయకపోతే ఏమవుతుందని సుష్మిత చిన్నగా అడిగింది. ఏమీ కాకపోవచ్చు అన్నాడాయన. విసుగూ అలసటా కలిసిన గొంతుతో మరో మాట చేర్చాడు.

"కాకపోవచ్చని నేను పంపిస్తాను. రేపేదైనా అయితే, ఇంత పెద్ద హాస్పిటల్లో ఉండి ఎందుకు చూడలేదని మీరే నన్ను నిలదీస్తారు."

రాజనర్సయ్య వెంటనే అందుకున్నాడు. చేయించాల్సిందేనన్నాడు. బావ విషయంలో జరిగింది చాలదా, కన్నతల్లికి పైసలకు చూసుకున్నాడని రేపు నలుగురూ అంటే మేనల్లుడు ముఖం ఎక్కడ పెట్టుకుంటాడన్నాడు. పోనీ సర్కారు దవాఖానకు తీసుకుపోదామా, అక్కడ రేషన్ కార్డు మీద ఖర్చు లేకుండా చేస్తారు అని సుష్మిత అంటే, అత్తనే చంపుదామన్నట్టు ఆమె వైపు చూశాడు. చెప్పేవాడికేం, చేసేవాడికి తెలుస్తుంది. విజయేందర్ మాత్రం కాగితం అడిగి తీసుకుని, ఎడమభుజం ఒకసారి కుడిచేత్తో నొక్కుకుని, సంతకం పెట్టేశాడు.

*

ఆ రాత్రి భూలక్ష్మికి నిద్ర పట్టలేదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని తనను తాను తిట్టుకుంది. పొద్దున్నే నర్సు జాయ్సీ సెలైన్ మార్చడానికి వచ్చింది. గుంటూరు వైపు పిల్ల, మెడలో సన్నటి సిలువ. ఆ పిల్ల ముందు సిగ్గు పడాల్సిన పని లేదనిపించి మొత్తం చెప్పేసింది. కాకర రసం, మెంతులు, రెట్టింపు గోలీలు, అన్నీ చెప్పింది.

జాయ్సీ చేతిలో సీసా అట్లాగే పట్టుకుని ఉండిపోయింది. "ఏంటి మామ్మగారూ, రిపోర్టు కోసం మింగారా?" అని అడిగింది. నవ్వాలో ఏడవాలో ఆ పిల్లకు తెలిసినట్టు లేదు. డాక్టరుగారికి తప్పకుండా చెప్తానంది, చెప్పింది కూడా. ఆయన వచ్చి భూలక్ష్మిని మళ్లీ అడిగాడు. ఆమె ఈసారి తల వంచుకోకుండా అవునంది. ఆయన విజయేందర్ వైపు తిరిగాడు.

విజయేందర్ ముఖంలో జాలి కనిపించింది. ఆ జాలి చూడగానే, వీడు నమ్మలేదని భూలక్ష్మికి తెలిసిపోయింది.

"అమ్మ ఎప్పటికి గంతే సార్," అన్నాడు. "అన్నం తక్కువైతే ఆకలైతలేదంటది. పండుగకు చీర తెస్తనంటే ఉన్నయంటది. జ్వరమొస్తే ఏం లేదంటది. పైసలు మిగులుతయని గిప్పుడు గీ మాటంటున్నది."

"ఒట్టు బిడ్డా. నీ మీద ఒట్టు."

"నాయిన పోయిననాడు సుత నువ్వు తిన్ననని ఒట్టేసినవ్, గుర్తున్నదా?"

ఆమెకు గుర్తుంది. ఆనాడు తినలేదు. ఇంట్లో ఉన్న కాస్తా వీడికి పెట్టడానికి వేసిన ఒట్టది. ఇన్నేళ్లూ పిల్లల కోసమని ఆడిన చిన్నచిన్న అబద్ధాలన్నీ వరసకట్టి వచ్చి ఇవాళ్టి నిజానికి అడ్డం నిలబడ్డాయి. నాన్నా పులి అని అరిచిన పిల్లాడి గతి పట్టింది ముసలమ్మకు. డాక్టరు మాత్రం, గోలీల మాట నిజమే అయినా ఈసీజీలో తేడా మిగిలే ఉంది గదా, తీసుకొచ్చాక చూడటమే మంచిదన్నాడు. ఆయన తప్పు మాటేమీ అనలేదు. అక్కడ ఎవరూ తప్పు మాట అనలేదు. అందరూ ఆమె మేలే కోరారు. మేలు కోరేవాళ్ల చేతుల్లోంచి తప్పించుకోవడం భూలక్ష్మికి చేతకాలేదు.

*

మణికట్టు దగ్గర చిన్న గాటు పెట్టి తీగ పంపారు. పెద్దగా నొప్పి లేదు. టీవీలో తన గుండె నాళాలు ఎండాకాలం చెట్టుకొమ్మల్లా నల్లగా కదిలాయి. ఎక్కడా అడ్డు లేదని డాక్టరు చెప్పాడు. నాళాలు శుభ్రంగా ఉన్నాయన్నాడు. ఆమె రిపోర్టు మంచిగా వచ్చింది.

బయట విజయేందర్ ఫోనులో ఒక్కొక్కరికీ ఆ మాటే చెప్పాడు. యాంజియో సుత చేపిచ్చినం, అంతా క్లియర్ అన్నడు డాక్టర్, అని చెబుతుంటే ఆ గొంతులో కొత్త నిబ్బరం వినిపించింది. తండ్రికి చేయలేకపోయింది తల్లికి చేశాడు. రాజనర్సయ్య మేనల్లుడి వీపు తట్టి, బండెక్కి పోయాడు. బిల్లు కట్టే కిటికీ దగ్గరికి అతను రాలేదు.

దుకాణం తెరవాలని సుష్మిత ముందుగా బయల్దేరింది. వెళ్లేముందు అత్త దుప్పటి సర్ది, పాత మిషన్‌కు రోలరు మార్పిస్తే ఇంకో రెండేళ్లు నడుస్తుందట అత్తమ్మా, అంది. కోపం లేకుండా అంది. అదే భూలక్ష్మికి భరించరానిదయింది. తిట్టినా బాగుండేది. కోడలి చెయ్యి పట్టుకుని, నా మాట నువ్వన్నా నమ్ము బిడ్డా, గోలీలు ఏసుకున్న, అంది. సుష్మిత ఆమె కళ్లలోకి చూసింది. నమ్మిందనే అనిపించింది. కాని నమ్మి మాత్రం ఇప్పుడేం చేస్తుంది? కట్టిన పైసలు తిరిగి రావు. ఆమె అత్త చేతిమీద ఒకసారి తట్టి, బస్సు దొరకదని వెళ్లిపోయింది.

*

మర్నాడు డిశ్చార్జి చేసేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. విజయేందర్ ఒక చేతిలో రిపోర్టుల సంచీ, ఇంకో చేతిలో బట్టల సంచీ పట్టుకుని నడుస్తున్నాడు. నాలుగడుగులు వేసి బట్టల సంచీని కింద పెట్టాడు. రెండూ కుడిచేతికే మార్చుకున్నాడు. లాబీలో స్వెటరు వేసుకోవాల్సినంత చలిగా ఉంది. అతని చొక్కా వీపున తడిసి అతుక్కుపోయింది.

భూలక్ష్మి ఆ తడిని చూసింది. దుకాణంలో కాగితాల కట్టలు నాలుగేసి ఒకేసారి భుజాన మోసేవాడు ఈమధ్య ఒక్కొక్కటే పట్టుకుపోవడం గుర్తుకొచ్చింది. సగంలో వదిలేసిన కంచాలు గుర్తుకొచ్చాయి. మెట్ల మలుపు దగ్గర వెలగని ఫోను, కడ్డీ పట్టుకుని తెరిచిన నోరు గుర్తుకొచ్చాయి. తనకోసం భయపడ్డాడనుకుని మురిసిపోయింది గదా.

"ఏమైతుంది బిడ్డా?"

"ఏం లేదమ్మా. గ్యాస్. పొద్దుగాల క్యాంటీన్ల సమోస తిన్న."

పాము కాళ్లు పాముకే తెలుస్తాయి. ఏం లేదు అనే మాటను ఆమె జీవితమంతా వాడింది. దాన్ని ఎప్పుడు వాడతారో, ఎందుకు వాడతారో ఆమెకంటే ఎవరికి తెలుసు? గ్యాస్ అన్న మాట కూడా కొత్తది కాదు. వీడి తండ్రి ఓదెలు గోడకు ఆనుకుని కూర్చుని, ఎదమీద అరచెయ్యి పెట్టుకుని ఇదే మాట అన్నాడు.

ఆటో ఎక్కాక నువ్వు కూడా చూపించుకో అని అనబోయి నోరు మూసుకుంది. వాడేమంటాడో తెలుసు. ఇప్పుడే ఇంత ఖర్చయింది, వచ్చే నెల చూద్దాం అంటాడు. వచ్చే నెల ఇంకో నెల అంటాడు. నిన్న నిజం చెబితే వీడే నమ్మలేదు. అబద్ధాన్నయితే ఊరంతా కలిసి మోసింది. ఆటో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగింది. ఎదురుగా, రోడ్డుకవతల, సర్కారు దవాఖాన గేటు కనిపిస్తోంది. గేటు ముందు కొబ్బరిబొండాల బండి, జనం, ఆటోలు ఉన్నాయి.

భూలక్ష్మి ఎదమీద చెయ్యి పెట్టుకుంది. ముందుకు వంగింది.

"కొడుకా, ఎదల నొస్తుంది. ఊపిరాడుతలేదు."

విజయేందర్ ముఖం తెల్లబోయింది. వెనక్కి తిప్పమని, అదే పెద్ద దవాఖానకు పోనిమ్మని డ్రైవరుతో అన్నాడు. ఆమె వాడి చొక్కా పట్టుకుంది. అంతదాకా ఆగలేను, ఎదురుగా ఉన్నదాంట్లోకి పోనియ్యి అని మూలిగింది. డ్రైవరుకు మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. హారను మీద చెయ్యి తియ్యకుండా గేట్లోకి తిప్పాడు.

అత్యవసర విభాగం ముందు ఒక మనిషి చక్రాల కుర్చీ నెట్టుకుంటూ వచ్చాడు. విజయేందర్ దూకి తల్లి చేయి పట్టుకున్నాడు. భూలక్ష్మి తనంతట తనే ఆటో దిగింది. పైట సర్దుకుంది. కుర్చీని రెండు చేతులా పట్టుకుని కొడుకు వైపు తిప్పింది.

"నాకు గాదు. వీన్ని కూసోవెట్టుండ్రి."

విజయేందర్‌కు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చినట్టు పెదవి అదిరింది, కాని ఆ పెదవిమీద కూడా చెమటే ఉంది.

"అమ్మా, ఇప్పుడు పైసలు లెవ్వే," అన్నాడు మెల్లగా, కుర్చీ మనిషికి వినబడకుండా.

"ఎరుకే బిడ్డా. అవి నేనే మింగిన. అందుకే ఈడికి తెచ్చిన. కూసో."

అతను కూర్చున్నాడు. కూర్చున్న తీరులోనే, ఎంత కాలంగా నిలబడి ఉన్నాడో తెలిసింది. లోపల జనం మధ్యలోంచి ఒక యువ డాక్టరు వచ్చింది. ఎవరు పేషెంటు అని అడిగి, అతని చేయి అందుకుని, నొప్పి ఎప్పటినుంచి ఉందంది.

"గ్యాస్ మేడమ్..." అని మొదలుపెట్టి విజయేందర్ తల తిప్పి తల్లిని చూశాడు. ఆమె మణికట్టుకు తెల్లటి కట్టు ఇంకా ఉంది. అతను చాలాసేపు ఆ కట్టునే చూశాడు.

"సంక్రాంతి ముంగట నుంచి మేడమ్," అన్నాడు. "మెట్లెక్కితే ఎక్కువైతది. ఎడమ చెయ్యి లాగుతది."

డాక్టరమ్మ ఇంకేం అడగలేదు. కుర్చీని తనే లోపలికి తిప్పింది. పేషెంటు మనుషులు బయటే ఉండాలని ఎవరో అన్నారు. భూలక్ష్మి రిపోర్టుల సంచీని ఒళ్లో పెట్టుకుని తలుపు పక్కన నేలమీద కూర్చుంది. పెద్ద దవాఖాన పేరు అచ్చేసిన ఆ సంచీలో, ఏ తేడా లేదని తేల్చిన ఆమె గుండె బొమ్మలున్నాయి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె లేచి నిలబడుతోంది.